మంచం పట్టిన అమ్మానాన్నల్ని తక్కువ ఖర్చులో చూసుకోవడం ఎట్టా: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం మొదటి నుంచీ చివరి దాకా

మా నాన్నకి పక్షవాతం వచ్చిన రోజు నాకు తెలిసింది ఒక్కటే, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డబ్బు ఎంతైనా కట్టాలి. ఆయనకి 74 ఏళ్లు, తెనాలి దగ్గర ఊళ్లో ఒక్కరే ఉండేవారు, పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయిందంట, మాట ముద్దగా వస్తోందని పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. బీపీ పెరిగింది, కాసేపు పడుకుంటే తగ్గుద్దిలే అని ఊళ్లో ఎవరో చెప్తే పడుకోబెట్టారు, విజయవాడ చేర్చేసరికి ఏడు గంటలైపోయింది. తొమ్మిది రోజులు ప్రైవేట్ ఆసుపత్రిలో ఉంచితే 3 లక్షల 40 వేలు అయింది, అన్నయ్యా నేనూ చెల్లీ కలిసి కట్టాం. నాన్న రేషన్ కార్డు ఊళ్లో బీరువాలో ఉంది, దాని మీద వైద్యం అవుతుందా అని మేం అడగలా, ఆసుపత్రి వాళ్లూ చెప్పలా.

అయితే నన్ను నిజంగా భయపెట్టింది ఆ బిల్లు కాదు. భవానీపురంలో మా ఇంటికి తీసుకొచ్చాక మొదటి నెల చూసుకునే మనిషికీ, డైపర్లకీ, ఫిజియోథెరపీకీ, మందులకీ కలిపి 41 వేలు అయింది. ఆసుపత్రి బిల్లుకి ఒక చివర ఉంటుంది, దీనికి చివర ఎక్కడో ఎవరికీ తెలీదు. పైగా ఆసుపత్రి ఖర్చుకి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, ఇంట్లో ఆలనాపాలనకి మాత్రం ఏ కార్డూ పనిచెయ్యదు. అందుకే నేను చెప్పేది ఒకటే, ఆసుపత్రి ఖర్చు వీలైనంత కార్డు మీద నడపండి, మీ చేతిలో డబ్బు ఇంటి దగ్గర మనిషి కోసం దాచుకోండి. మేం సరిగ్గా తలకిందులుగా చేశాం. కింద రాసిందంతా ఆ తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తెలుసుకున్నది.

మొదటి పని: అసలు ఏం కావాలో రాసుకోండి

డాక్టర్ని మూడు ముక్కల్లో అడగండి. ఇది కోలుకునే జబ్బా, ఇట్టాగే ఉండిపోయేదా, రోజురోజుకీ తగ్గుతూ పోయేదా? దీన్నిబట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. పక్షవాతం అయితే మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఫిజియోథెరపీ మీద పిసినారితనం వద్దు, వేరే ఏది తగ్గించుకున్నా పర్లేదు. మతిమరుపు జబ్బు అయితే మందుల కంటే కనిపెట్టుకుని ఉండే మనిషే ముఖ్యం. కేన్సర్ బాగా ముదిరితే నొప్పి తగ్గించే వైద్యం ఎక్కడ దొరుకుతుందని సూటిగా అడగాలి, ఇంకో ఆపరేషన్ ఇంకో స్కానింగ్ అని పరిగెత్తడం కాదు.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఆరు పనులు రాయండి: తినడం, స్నానం, బట్టలు మార్చుకోవడం, బాత్రూంకి వెళ్లడం, మంచం మీంచి లేచి కూర్చోవడం, మలమూత్రాల మీద అదుపు. ప్రతిదాని పక్కన సొంతంగా చేసుకుంటారా, చెయ్యి సాయం చాలా, పూర్తిగా మనమే చెయ్యాలా అని రాసి, ఏ టైంలో ఆ అవసరం వస్తోందో కూడా వెయ్యండి. నాలుగు రోజులు రాస్తే చాలు. మేం రాసినప్పుడు తేలింది ఏంటంటే నాన్నకి పొద్దున 6 నుంచి 10 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా పని ఉంది, మధ్యాహ్నం అంతా నిద్రే. మరి అప్పటిదాకా మేం 24 గంటల మనిషికి డబ్బులు ఇస్తున్నాం! ఒక్క ఆ కాగితం వల్ల మాకు నెలకి పదకొండు వేలు తగ్గింది.

రెండో పని: కార్డులు, అవి కూడా జబ్బు రాకముందే

ఇంట్లో 70 దాటినవాళ్లు ఉంటే ఇవాళే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 2024 అక్టోబర్ 29న మొదలైంది, ఆదాయంతో సంబంధం లేదు, సొంత ఇల్లు ఉన్నా పొలం ఉన్నా ఇస్తారు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరిన వైద్యానికి. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపి. ముందు నుంచీ షుగర్, బీపీ ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కావాల్సింది ఆధార్. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబర్ ఎప్పుడో పదేళ్ల కిందటిది అయి ఉంటుంది, దాంతో ఓటీపీ రాదు. మనిషి మంచాన పడకముందే ఆ నంబర్ మార్పించండి, తర్వాత వేలిముద్ర పడక, మనిషి కదలక నానా అవస్థ. మీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ ఏఎన్ఎం గారిని గానీ అడగండి, ఫోన్లో ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేసుకోవచ్చు కూడా. సందేహాలకి 14555.

రేషన్ కార్డు ఉన్నవాళ్లకి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, పాత పేరు ఆరోగ్యశ్రీ, ఇప్పటికీ అందరం అట్టాగే అంటాం. పరిమితి కుటుంబానికి ఏడాదికి 25 లక్షలు. ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకి ఉందో 104కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఒక ఆసుపత్రి లిస్టులో ఉన్నంత మాత్రాన అన్ని జబ్బులకీ ఉండదు, గుండెకి ఉండి నరాలకి లేకపోవచ్చు. అందుకని "మీ దగ్గర ఆరోగ్యశ్రీ ఉందా" అని కాకుండా "పక్షవాతానికి ఉందా" అని జబ్బు పేరు పెట్టి అడగండి. చేరిన వెంటనే ఆరోగ్యమిత్ర (ఈ పథకం పనులు చూసే మనిషి) డెస్క్ ఎక్కడుందో చూసి కార్డు ఉందని చెప్పండి. ఎమర్జెన్సీ అయినా సరే కార్డు సంగతి మొదటి గంటలోనే చెప్పాలి. డబ్బులు కట్టి, డిశ్చార్జ్ రోజున కార్డు తెస్తామంటే అవ్వదు, మాకు అయ్యింది అదే.

మీ అమ్మగారో నాన్నగారో ఉద్యోగం చేసి రిటైర్ అయినవాళ్లయితే వాళ్లకి వేరే ఆరోగ్య పథకాలు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకి ఈహెచ్ఎస్, కేంద్రం వాళ్లకి సీజీహెచ్ఎస్, మిలిటరీ వాళ్లకి ఈసీహెచ్ఎస్, రైల్వే వాళ్లకి విజయవాడలోనే రైల్వే ఆసుపత్రి. చాలామందికి తెలియనిది ఇంకోటి, మీరే ఏదైనా కంపెనీలోనో షాపులోనో 21,000 లోపు జీతానికి చేస్తూ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్ అవుతుంటే, మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నల పేర్లు కూడా అందులో చేర్పించొచ్చు, గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది.

హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. 65 దాటితే పాలసీ ఇవ్వరనే రూలు 2024లో పోయింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా తీసేశారు. అయినా పాత జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు, ప్రీమియం కూడా బాగా ఎక్కువ. ఇప్పటికే మంచాన పడ్డవాళ్లకి ఇప్పుడు తీసుకోవడం నా లెక్కలో దండగ. ఆ డబ్బు ఆయాకి పెట్టుకోండి.

మూడో పని: ఎక్కడికి తీసుకెళ్లాలి

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తేడా రావడం, ఈ మూడింట్లో ఏది కనబడ్డా ఆలోచించొద్దు, 108కి కొట్టండి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. మేం ఆ టైం పోగొట్టుకున్నాం, ఆ ఏడు గంటలు తల్చుకోని రోజు లేదు నాకు. ఎమర్జెన్సీలో ఖర్చు చూడొద్దు.

ఎమర్జెన్సీ దాటాక మాత్రం చూడాలి. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, ఈ రెండు చోట్లా వీధి వీధంతా ఆసుపత్రులే, ఒక డాక్టర్ నుంచి ఇంకో డాక్టర్‌కి తిరుగుతూ ఫీజులకీ టెస్టులకీ వేలు పోతాయి, ప్రతి చోటా అదే రక్తపరీక్ష మళ్లీ రాస్తారు. అందుకని పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టండి, కొత్త టెస్ట్ రాసినప్పుడల్లా "పోయిన వారం చేయించాం సార్, ఇది సరిపోద్దా" అని అడగండి. అడిగితే తిట్టే డాక్టర్ నాకైతే తగల్లేదు.

మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ చీటీ 10 రూపాయలు. 2019లో ఓపీ మొదలైంది, పెద్ద పెద్ద స్పెషలిస్టులు ఉన్నారు, ఆన్‌లైన్లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. నిదానంగా చూపించుకునే జబ్బులకి నాకు చాలా నచ్చింది, కాకపోతే జనం బాగా ఉంటారు, రోజంతా అక్కడే పెట్టుకుని వెళ్లాలి, కూర్చోలేని మనిషిని తీసుకెళ్తే నరకం. అట్టాంటప్పుడు మొదటిసారి తప్పదు గానీ, తర్వాతిసారి రిపోర్టులు పట్టుకుని మీరు ఒక్కరే వెళ్తే చాలా అని డాక్టర్ని అడిగి రండి. చిన్న చిన్న సందేహాలకి ఈ-సంజీవని ఉంది, సచివాలయం పరిధిలోని హెల్త్ సెంటర్ నుంచి వీడియోలో డాక్టర్‌తో మాట్లాడిస్తారు, ఉచితం.

పెద్దాసుపత్రి అంటే మనవాళ్లకి భయం. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) గానీ విజయవాడ జీజీహెచ్ గానీ, అక్కడ పడేది మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ల చెయ్యే. గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నాటిది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో మందుల కంపెనీ వాళ్లు కట్టించిన కేన్సర్ సెంటర్ ఉంది, కేన్సర్ వైద్యానికి అప్పులు చేసే ముందు ఒక్కసారి అక్కడ చూపించండి. ఇబ్బంది ఏంటంటే పేషెంట్ పక్కన మీ మనిషి ఎప్పుడూ ఉండాలి, స్ట్రెచర్ తొయ్యడం దగ్గర్నుంచీ మనమే. ఆ మనిషి దొరికితే జీజీహెచ్‌కి వెళ్లండి, దొరక్కపోతే కార్డు నడిచే ప్రైవేట్ చూసుకోండి.

నాలుగో పని: డిశ్చార్జ్‌కి రెండు రోజుల ముందు

ఇది అందరూ వదిలేస్తారు. ఆసుపత్రిలో నర్సు చేసే పనుల్లో సగం మనం నేర్చుకోగలిగినవే. ముక్కు పైపులో పాలు, జావ ఎలా పొయ్యాలి, యూరిన్ బ్యాగ్ ఎలా ఖాళీ చెయ్యాలి, మనిషిని పక్కకి ఎలా తిప్పాలి, పడుకోబెట్టే దుప్పటి ఎలా మార్చాలి, ఇవన్నీ నర్సమ్మ చేస్తుంటే అడిగి ఫోన్లో వీడియో తీసుకోండి, తర్వాత ఆమె ముందే మీరు చేసి చూపించండి. పైపులో పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కూడా అరగంట నుంచి గంట అలాగే కూర్చోబెట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుళ్లు పడతాయి. ఒక్క పుండు పడితే మళ్లీ ఆసుపత్రే, ఆ ఖర్చు ఆరు నెలల ఆయా జీతం.

ఇంకో మాట, "ఇంకో నాలుగు రోజులు ఉంచుదాం, సేవ బాగుంటుంది" అని రూములో పెట్టేయకండి. వైద్యం అయిపోయి సేవ మాత్రమే మిగిలినప్పుడు ఆసుపత్రి రూము అన్నిటికంటే ఖరీదైన వృద్ధాశ్రమం.

అయిదో పని: మనిషిని పెట్టుకోవడం

ఏజెన్సీలు రెండు ఊళ్లలోనూ బోలెడు. మాకు మొదట వచ్చినావిడ ఏజెన్సీ మనిషే, 24 గంటలకి నెలకి 26 వేలు, ట్రైనింగ్ అయిన నర్సింగ్ అసిస్టెంట్ అన్నారు, వచ్చాక చూస్తే ఆమెకి షుగర్ చూడ్డం కూడా రాదు. ఇరవై రోజులకి చెప్పకుండా వెళ్లిపోయింది, కట్టిన ఫీజులో ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. అప్పటి నుంచీ నేను పెట్టుకున్న పద్ధతి చెప్తా.

మీకు కావాల్సింది నర్సా, ఆయానా తేల్చుకోండి. ఇంజెక్షన్లు, పుండ్లకి కట్టు, గొంతు పైపు ఉంటేనే నర్సు. స్నానం, తిండి, డైపర్ అయితే ఆయా చాలు. కట్టు కట్టడానికి నర్సుని రోజూ ఒక్కసారి వచ్చి వెళ్లేలా మాట్లాడుకోవచ్చు, రోజంతా పెట్టక్కర్లేదు. ఆయా కోసం ముందు మన పేటలోనే అడగండి, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే వార్డు ఆయాలకి తెలిసినవాళ్లు ఉంటారు, మందుల షాపు ఆయన్ని అడగండి, చర్చిలో, గుడి దగ్గర చెప్పి ఉంచండి. మాకు ఇప్పుడు వచ్చే రమణమ్మ గారు రెండు వీధుల అవతల ఉంటారు, పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు, నెలకి 15 వేలు ఇస్తున్నాం. నాన్న ఆమెని అమ్మాయ్ అంటారు, ఆమె బాబాయ్ గారూ అంటుంది.

మాట్లాడుకునేటప్పుడు చేసే పనులన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. వంట చెయ్యాలా వద్దా, నెలకి సెలవులు ఎన్ని, పండగలకి వెళ్తే ఎవరు వస్తారు, మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఆధార్ కాపీ తీసుకోండి, ఏజెన్సీ అయితే పోలీస్ వెరిఫికేషన్ కాగితం చూపించమనండి, మనిషి మారితే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో రాయించండి, మూడు నెలల అడ్వాన్స్ మాత్రం కట్టొద్దు. మొదటి వారం మీరు ఇంట్లో ఉండండి, ఆమె ఎలా తిప్పుతోంది, ఎలా మాట్లాడుతోంది చూడండి. మాట పడిపోయిన మనిషిని కసురుకుంటే ఆయన మనకి చెప్పుకోలేడు, కళ్లల్లో చూసి మనమే కనిపెట్టాలి. అలాగే ఆమెకి టైంకి టీ, టిఫిన్ పెట్టండి, నెల మొదట్లోనే జీతం ఇచ్చెయ్యండి. మన నాన్నకి మనం చెయ్యలేని పని ఆమె చేస్తోంది.

సామాను, మందులు

ఆసుపత్రి మంచం, వీల్‌చైర్, ఆక్సిజన్ మిషన్ అద్దెకి దొరుకుతాయి, కొనకండి, ఎన్నాళ్లు కావాలో మనకి తెలీదు. కొనాల్సింది ఒక్కటే, గాలి పరుపు, మూడు వేలు పెట్టి కొన్నాం, పుళ్లు పడలేదు. డైపర్లు అట్టపెట్టె మొత్తం తీసుకుంటే బాగా తగ్గుతుంది, పగలు మెత్తటి పాత నూలు పంచె మడతపెట్టి వేస్తాం, రాత్రికే డైపర్.

మందులకి జన ఔషధి షాపు, అంటే తక్కువ ధరకి మందులు అమ్మే ప్రభుత్వ పథకం షాపు. బయట రేటు మీద సగానికి పైనే తగ్గుతుంది, కొన్ని మందులకి ఇంకా ఎక్కువ. షుగర్, బీపీ, రక్తం పలచబడే బిళ్లలు, కొలెస్ట్రాల్ బిళ్ల అన్నీ ఉంటాయి. డాక్టర్‌తో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకోండి, అంటే క్లోపిడోగ్రెల్ అనో, అటార్వాస్టాటిన్ అనో. ఇంకా ముఖ్యం, నలుగురు డాక్టర్లు రాసిన చీటీలన్నీ ఒకే డాక్టర్ ముందు పెట్టి "ఇందులో ఏవి ఆపొచ్చు" అని అడగండి. నాన్నకి పద్నాలుగు బిళ్లలు ఉంటే తొమ్మిదికి వచ్చాయి, అందులో రెండు ఒకే మందు వేరే వేరే పేర్లతో.

పెన్షన్, సర్టిఫికెట్

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ నెలకి 4,000, వికలాంగులకి 6,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకి 15,000 ఉంది, రమణమ్మ గారి జీతం సరిగ్గా అంతే! దానికి ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి, సదరం (వైకల్యం ఎంతో తేల్చే పరీక్ష) స్లాట్ సచివాలయంలో బుక్ చేయిస్తారు. అర్హత రూల్స్ కూడా అక్కడే చూసి చెప్తారు. మళ్లీ వెరిఫికేషన్‌కి పిలుస్తారు కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు పారెయ్యొద్దు. ఆ సర్టిఫికెట్ ఉంటే, పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఇన్‌కమ్ టాక్స్ కట్టే కొడుకుకో కూతురికో 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 మినహాయింపు వస్తుంది. ఇన్సూరెన్స్ లేని తల్లిదండ్రుల వైద్య ఖర్చుకి 80డి కింద 50,000 వరకు వేరే ఉంది, కాకపోతే నగదు ఇస్తే లెక్కలోకి రాదు, ఫోన్ పేనో కార్డో వాడి బిల్లులు దాచండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు

ఇది రాయకుండా ఉండలేను. మా అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు, "నేను డబ్బు పంపుతాలే, నువ్వు చూసుకో అమ్మాయ్" అన్నాడు, మంచివాడే, కానీ మూడో నెలకి అది ఆగింది. నేను గొడవ పడలా, ఖర్చు లెక్క అంతా రోజూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టా, డైపర్లు ఇంత, ఆటో ఇంత అని. నేను రాత్రి ఎన్నిసార్లు లేచానో కూడా రాశా. పది రోజులకి అన్నయ్యే ఫోన్ చేసి నెలకి ఇంత అని ఖాయం చేశాడు, ఏడాదికి రెండుసార్లు పది రోజులు వచ్చి ఉంటానన్నాడు, ఉంటున్నాడు. డబ్బు ఇచ్చేవాళ్లు డబ్బు, టైం ఇచ్చేవాళ్లు టైం, రెండూ లెక్కలో ఉండాలి, చూసుకునే మనిషికి వారానికి ఒక పూట సెలవు కూడా అందులో ఉండాలి.

మాటకి లొంగకపోతే 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీఓ ఆఫీసులో ట్రిబ్యునల్, అమ్మో నాన్నో పేరుతో అర్జీ పెట్టుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు, పిల్లలు నెలకి 10,000 వరకు ఇవ్వాలని ఆర్డర్ వెయ్యొచ్చు. చూసుకుంటామనే షరతు మీద ఇల్లు రాయించుకుని వదిలేసినవాళ్ల విషయంలో ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేసే వీలు కూడా అందులోనే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14567, పెద్దవాళ్ల కోసమే ఉన్న ఎల్డర్ లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో కుదరకపోతే

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, రెండు గదుల ఇంట్లో, మతి తప్పి రాత్రిళ్లు వీధిలోకి వెళ్లిపోయే తల్లిని చూసుకోవడం అందరి వల్లా కాదు, హోంలో చేర్పించినవాళ్లని నేను తప్పు పట్టను. కానీ చూసి చేర్పించండి. చాలా వృద్ధాశ్రమాలు లేచి తిరిగేవాళ్లనే తీసుకుంటాయి, మంచాన పడ్డాక తీసుకెళ్లిపోమంటాయి, అది మొదటి రోజే అడగాలి. చెప్పకుండా వెళ్లండి, రాత్రి ఏడింటికి, అన్నం పెట్టే టైంకి. గుమ్మంలోనే మూత్రం వాసన వస్తే వెనక్కి వచ్చెయ్యండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, ఎంతమందిని చూస్తున్నారు, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, డిపాజిట్ ఎంత తిరిగి వస్తుంది, ఇవన్నీ కాగితం మీద తీసుకోండి. అక్కడున్న పెద్దవాళ్లతో విడిగా అయిదు నిమిషాలు మాట్లాడండి, గోళ్లు చూడండి, గోళ్లు కత్తిరించి శుభ్రంగా ఉంటే ఎవరో ఒకరు పట్టించుకుంటున్నట్టే. చుట్టాల ఇళ్లకి దగ్గరగా ఉన్న హోం, అరగంటలో మీరు చేరుకోగలిగేది ఎంచుకోండి, ఊరికి దూరంగా తోటలో అందంగా ఉండేదాని కంటే అదే మంచిది, మీరు వెళ్తూ ఉంటేనే వాళ్లూ జాగ్రత్తగా ఉంటారు.

చివరిగా, ఇవాళే చెయ్యగలిగే పని. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో పేరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు, ఏ బిళ్ల ఎప్పుడు, బ్లడ్ గ్రూపు, ముగ్గురి ఫోన్ నంబర్లు, 108, కార్డులు ఏ సొరుగులో ఉన్నాయో రాసి మంచం పక్క గోడకి అంటించండి. మా ఇంట్లో అది నాన్న తలవైపు ఉంది. పోయిన నెల నేను బజారుకెళ్లినప్పుడు ఆయనకి షుగర్ పడిపోయి చెమటలు పడితే, రమణమ్మ గారు ఆ కాగితం చూసి ముందు పంచదార నీళ్లు పట్టి, తర్వాత నాకు ఫోన్ చేసింది.